వంతెన మీద మనుషులను గీసిన మహా చిత్రకారుడు – కమీల్ పిసారో

ప్రపంచ ప్రసిద్ధ చిత్రకారులు అనగానే మనకు లియొనార్డో డావిన్సీ, వాన్ గో, పికాసో పేర్లు గుర్తొస్తాయి. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో వాళ్ల పేర్లు చదివి ఉంటాం. కమీల్ పిసారో పేరు అంతగా వినబడదు. కానీ వాన్ గో చివరి రోజుల్లో ఉండడానికి ఒక చోటు చూపించినవాడు, సెజాన్, గోగాన్ లాంటి వాళ్లకు పక్కన నిలబడి కుంచె పట్టడం నేర్పినవాడు ఈ పిసారోయే. కులమతాల పేరుతో మనుషులను దూరం పెట్టే లోకంలో, పుట్టకముందే వెలి పడిన ఇంట్లో పుట్టి, చివరి దాకా కష్టజీవుల వైపు నిలబడిన మనిషి. ఆయన జీవితం మన హాస్టల్ విద్యార్థులందరూ తెలుసుకోదగినది.

ముందుగా ఆయన వేసిన ఒక బొమ్మ గురించి చెప్పుకుందాం.

ఫ్రాన్స్ దేశంలో పారిస్ మీదుగా వచ్చే సీన్ నది సముద్రంలో కలిసే ముందు రువాన్ అనే రేవు పట్టణం గుండా పోతుంది. 1896లో పిసారో ఆ ఊళ్లో నది ఒడ్డున ఉన్న ఒక హోటల్లో గది తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు 65 ఏళ్లు. పొడవాటి తెల్లగడ్డం. కుడి కంటికి జబ్బు. ఆ గది కిటికీలోంచి చూస్తే బోయెల్‌ద్యూ అనే ఇనుప వంతెన కనిపిస్తుంది. వాన కురిసిన రోజున ఆ వంతెన ఎలా ఉందో అలా గీశాడు. తడిసి మెరుస్తున్న దారి, దాని మీద గుర్రపు బళ్లు, పనికి పోయే జనం, కింద నదిలో పడవలు, అవతలి ఒడ్డున ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఆకాశంలో మబ్బుతో కలిసిపోయిన పొగ. అంతే. ఆ బొమ్మలో రాజు లేడు, దేవుడు లేడు, యుద్ధం లేదు. ఆ చిత్రం ఇప్పుడు కెనడాలోని టొరంటో నగరంలో అంటారియో ఆర్ట్ గ్యాలరీలో ఉంది.

ఒక ముసలి చిత్రకారుడు అంత దూరం వచ్చి ఒక మామూలు వంతెననే ఎందుకు గీశాడు? దీనికి జవాబు తెలియాలంటే ఆయన బాల్యం నుంచి రావాలి.

పుట్టకముందే వెలి

కమీల్ పిసారో 1830 జూలై 10న సెయింట్ థామస్ అనే చిన్న దీవిలో పుట్టాడు. అమెరికా ఖండాల నడుమ కరేబియన్ సముద్రంలో ఉన్న ఆ దీవి అప్పట్లో డెన్మార్క్ దేశపు వలస. 1917లో అమెరికా సంయుక్త రాష్ట్రాలు దాన్ని కొనుక్కున్నాయి. ఆయన తండ్రి ఫ్రాన్స్ నుంచి వ్యాపారం మీద వచ్చి స్థిరపడిన యూదు మతస్థుడు. చనిపోయిన తన దగ్గరి బంధువు భార్యను పెళ్లి చేసుకున్నాడు. అది వరుస కాని పెళ్లి అని అక్కడి యూదుల సంఘం ఒప్పుకోలేదు. ప్రార్థనా మందిరం వాళ్లు ఆ పెళ్లిని గుర్తించడానికి 1833 దాకా పట్టింది. అప్పటికి కమీల్‌కు మూడేళ్లు.

పెద్దల గొడవ పిల్లల చదువు మీద పడింది. ఆ ఇంటి పిల్లలు తమ సంఘం పిల్లలతో కాకుండా, నల్లజాతి పిల్లలు చదువుకునే మిషనరీ బడిలో చదువుకున్నారు. ఆ దీవిలో అప్పటికి బానిసత్వం చట్టబద్ధంగానే నడుస్తోంది. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన మనుషులను, వాళ్ల పిల్లలను కొనడం, అమ్మడం మామూలు సంగతి. 1848లో ఆ బానిసలు తిరగబడితేగానీ వాళ్లకు విముక్తి రాలేదు. పిసారో కుటుంబానికి దుకాణం ఉంది, తిండికి లోటు లేదు. ఆయన పడిన అవమానం బానిసల బాధతో సమానమని అనడానికి లేదు. కానీ ఎవరినైతే ఆ సమాజం మనుషులుగా లెక్కపెట్టలేదో వాళ్ల పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని ఆయన అక్షరాలు దిద్దాడు. ఇది ఆయన జీవితంలో చిన్న విషయం కాదు.

పన్నెండేళ్ల వయసులో బోర్డింగు స్కూలు

పన్నెండేళ్లప్పుడు తల్లిదండ్రులు ఆయనను ఫ్రాన్స్ పంపించారు. పారిస్ పక్కన పాసీ అనే చోట ఒక బోర్డింగు స్కూల్లో చేర్చారు. ఇంటికి ఉత్తరం రాస్తే ఓడ మీద సముద్రం దాటి చేరాలి. ఇల్లు వదిలి హాస్టల్లో చేరిన మొదటి వారం ఎలా ఉంటుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు. అయిదేళ్లు ఆయన అక్కడే ఉన్నాడు. స్కూలు నడిపే సవారీ అనే మాస్టారు పిల్లవాడి చేతిలో ఉన్న విద్యను గుర్తించాడు. బొమ్మలు వేయడం నేర్పాడు. ఇంటికి వెళ్లాక ప్రకృతిని చూసి గీయమని చెప్పి పంపాడు. ఒక మాస్టారు సరైన సమయంలో చెప్పిన ఒక మాట ఎంత దూరం పోతుందో చూడండి. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా పిసారో చేసింది అదే.

17వ ఏట ఇంటికి తిరిగి వచ్చాక తండ్రి తన వ్యాపారంలో గుమాస్తాగా పెట్టాడు. రేవులో దిగే సరుకును లెక్క చూసి రాసుకోవడం పని. కాస్త ఖాళీ దొరికితే చాలు, రేవులో మూటలు మోసేవాళ్లనూ, బట్టలుతికే ఆడవాళ్లనూ, తల మీద గంపతో పోయేవాళ్లనూ పెన్సిలుతో గీసేవాడు. అదే రేవులో ఫ్రిట్జ్ మెల్బీ అనే డెన్మార్క్ చిత్రకారుడితో స్నేహం కుదిరింది. 1852లో ఉద్యోగం వదిలిపెట్టి అతనితో కలిసి వెనిజులా దేశం వెళ్లిపోయాడు. రెండేళ్లు అక్కడి వీధులనూ, సంతలనూ, కొండలనూ గీస్తూ గడిపాడు. కొడుకు వ్యాపారానికి పనికిరాడని తండ్రికి అప్పుడు అర్థమైంది. 1855లో పిసారో పారిస్ చేరుకున్నాడు. మళ్లీ పుట్టిన దీవికి ఎప్పుడూ పోలేదు. కానీ పారిస్ వచ్చాక 1856లో వేసిన ఒక మంచి చిత్రంలో ఉన్నది తన దీవిలో సముద్రపు ఒడ్డున నిలబడి కబుర్లు చెప్పుకుంటున్న ఇద్దరు నల్లజాతి స్త్రీలే. ఆ చిత్రం ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది.

పారిస్‌లో పోరాటం

ఆ రోజుల్లో పారిస్‌లో చిత్రకారుడిగా పేరు రావాలంటే ఒకటే దారి. సలోన్ అనే ప్రభుత్వ ప్రదర్శనలో బొమ్మ పెట్టాలి. ఏ బొమ్మ పెట్టాలో తేల్చేది ఒక కమిటీ. ఆ కమిటీకి పురాణ కథలు, రాజుల యుద్ధాలు, నున్నగా మెరిసే బొమ్మలు కావాలి. పొలంలో పనిచేసే రైతు, బురద దారి, కూరగాయల మడి లాంటివి వాళ్లకు ఆనేవి కావు. పిసారో బొమ్మలను కొన్నిసార్లు తీసుకున్నారు, కొన్నిసార్లు తిప్పి పంపారు. 1863లో తిప్పి పంపిన బొమ్మలన్నిటితో ప్రత్యేకంగా ఒక ప్రదర్శన పెట్టినప్పుడు అందులో ఆయన బొమ్మలూ ఉన్నాయి.

ఈ కాలంలోనే ఆయనకు క్లాడ్ మోనే, పాల్ సెజాన్ వంటి యువకులతో స్నేహం ఏర్పడింది. సెజాన్ దక్షిణాది నుంచి వచ్చిన మొరటు మనిషి. తోటివాళ్లు అతని బొమ్మలు చూసి నవ్వేవాళ్లు. పిసారో మాత్రం నవ్వలేదు. ఆ బొమ్మల్లో ఏదో ఉందని మొదట్లోనే పసిగట్టాడు.

పిసారో తల్లి ఇంట్లో జూలీ అనే అమ్మాయి పనిచేసేది. ద్రాక్షతోటల్లో పనిచేసుకునే కుటుంబం నుంచి వచ్చింది. ఇద్దరూ ఇష్టపడ్డారు. పనిమనిషి, పైగా వేరే మతం. తల్లి ససేమిరా అంది. తన తల్లిదండ్రుల పెళ్లిని ఒకప్పుడు సంఘం ఒప్పుకోలేదు. ఇప్పుడు అదే తల్లి కొడుకు పెళ్లిని ఒప్పుకోలేదు. అయినా పిసారో జూలీని వదలలేదు. 1871లో ఇంగ్లండులో చట్టప్రకారం పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు మొత్తం ఎనిమిదిమంది పిల్లలు. సంసారం పెద్దది, సంపాదన తక్కువ. ఇంటి ఖర్చుల కోసం కిటికీ తెరల మీద బొమ్మలు వేసే కూలి పనికి కూడా పోయాడు. జూలీ కూరగాయలు పండించి, కోళ్లను పెంచి ఇల్లు నెట్టుకొచ్చింది. పిసారో పేరు చెప్పుకున్నప్పుడు జూలీ పేరు కూడా చెప్పుకోవడం న్యాయం.

బూట్ల కింద పడిన ఇరవై ఏళ్ల కష్టం

1870లో ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. పిసారో భార్యాబిడ్డలతో లండన్ పారిపోయాడు. లూవ్‌సియెన్ అనే ఊళ్లోని ఆయన ఇంట్లో ప్రష్యా సైనికులు మకాం పెట్టారు. యుద్ధం అయిపోయాక తిరిగి వచ్చి చూస్తే ఏముంది? బూట్లకు బురద అంటకుండా ఆయన కాన్వాసులను తోటలో దారి మీద పరిచి తొక్కారు. ఇరవై ఏళ్లుగా వేసిన సుమారు 1500 బొమ్మల్లో 40 మాత్రమే మిగిలాయి.

వ్రాసిన నోట్సు పోతేనే మనకు వారం రోజులు మనసు బాగుండదు. ఆయనకు అప్పుడు నలభై ఏళ్లు దాటాయి. చేతిలో డబ్బు లేదు. పోయినవాటి గురించి ఏడుస్తూ కూర్చోకుండా పోంత్వాజ్ అనే ఊరికి మారి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

అందరం కలిసి

సలోన్ కమిటీ దయ కోసం ఎదురుచూడడం అనవసరమని పిసారో, మోనే, రెన్వార్, దెగా తదితరులు నిర్ణయించుకున్నారు. 1873 చివర్లో సహకార సంఘం పెట్టుకున్నారు. కమిటీ ఎంపికలు లేవు, బహుమతులు లేవు, సభ్యులందరికీ సమాన హక్కులు. ఈ సంఘానికి నియమావళి తయారుచేసేటప్పుడు పిసారో నమూనాగా ముందు పెట్టింది పోంత్వాజ్‌లో రొట్టెలు కాల్చే కార్మికుల సంఘం నియమావళిని. కళాకారులు కార్మికుల దగ్గర నేర్చుకోవచ్చునని ఆయన నమ్మకం.

1874 ఏప్రిల్ 15న పారిస్‌లో నదార్ అనే ఫోటోగ్రాఫరు ఖాళీ చేసిన స్టూడియోలో మొదటి ప్రదర్శన తెరిచారు. 30 మంది చిత్రకారులు, 165 చిత్రాలు. జనం చూసి నవ్విపోయారు. మోనే వేసిన సూర్యోదయం బొమ్మ పేరులో ఇంప్రెషన్ అనే మాట ఉంటే, దాన్ని పట్టుకుని ఒక పత్రికా విమర్శకుడు వీళ్లందరినీ ఇంప్రెషనిస్టులని ఎగతాళి చేశాడు. ఎగతాళిగా పెట్టిన ఆ పేరే చరిత్రలో గౌరవంగా నిలిచిపోయింది. అదే ఏప్రిల్ నెలలో, ప్రదర్శన తెరవడానికి కొద్ది రోజుల ముందే, పిసారో తన కూతురు జీన్‌ను పోగొట్టుకున్నాడు.

ఇంతకీ ఇంప్రెషనిజం అంటే ఏమిటి? వస్తువును గది లోపల కూర్చుని జ్ఞాపకం మీద కాకుండా, వెలుగులో ఎదురుగా చూస్తూ, ఆ క్షణంలో కంటికి ఎలా కనిపిస్తే అలా గీయడం. ఎండలో నీడ నల్లగా ఉండదు, నీలంగానో ఊదాగానో ఉంటుంది. తడి రోడ్డులో ఆకాశం రంగు కనిపిస్తుంది. దూరంగా నడిచే మనిషి మనకు ముక్కూ కళ్లతో కనబడడు, ఒక చుక్కలాగా, ఒక గీతలాగా కనబడతాడు. అందుకే వాళ్లు రంగులను నున్నగా పులమకుండా చిన్న చిన్న కుంచె పోట్లుగా పక్కపక్కనే పెట్టేవాళ్లు. దగ్గరగా చూస్తే మరకలు, నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే ప్రాణమున్న దృశ్యం. ట్యూబుల్లో నింపిన రంగులు అప్పటికే బజారులోకి రావడంతో బయటికి తీసుకుపోయి గీయడం సులువైంది.

1874 నుంచి 1886 దాకా ఇలాంటి ప్రదర్శనలు ఎనిమిది జరిగాయి. మధ్యలో మోనే మానేశాడు, రెన్వార్ మానేశాడు, సెజాన్ మానేశాడు. ఎనిమిదింటిలోనూ బొమ్మలు పెట్టినవాడు పిసారో ఒక్కడే.

ఆ ఏళ్లలో ఆయన పేదరికం అంతా ఇంతా కాదు. ఒక మిఠాయి దుకాణం యజమాని సాయం చేద్దామని పిసారో బొమ్మలను బహుమతులుగా పెట్టి లాటరీ నడిపాడట. బహుమతి గెలిచిన ఒక పనిపిల్ల ఆ బొమ్మ బదులు ఒక క్రీము కేకు ఇప్పించమని అడిగి తీసుకుపోయిందని చెబుతారు. అదే పిసారో వేసిన పారిస్ వీధి చిత్రం ఒకటి 2014లో లండన్ వేలంలో దాదాపు 2 కోట్ల పౌండ్లకు అమ్ముడుపోయింది. ఆ రోజున ఆయన పిల్లలకు రొట్టె కొనడానికి అందులో పదివేలో వంతు ఉన్నా సరిపోయేది.

నేర్పడం, నేర్చుకోవడం

పిసారోలో గొప్ప గుణం, తనకు తెలిసింది దాచుకోకుండా చెప్పడం. 1872 నుంచి సెజాన్ ఆయన పక్కనే నిలబడి అదే పొలం, అదే దారి గీస్తూ నేర్చుకున్నాడు. షేర్ల వ్యాపారంలో ఉద్యోగం చేసుకునే గోగాన్‌కు సెలవు రోజుల్లో పాఠాలు చెప్పి, ప్రదర్శనలోకి తీసుకొచ్చాడు. 1889లో వాన్ గో ఆరోగ్యం బాగాలేనప్పుడు అతని తమ్ముడు సలహా అడిగితే, ఓవేర్ అనే పల్లెలో గాషే అనే డాక్టరు ఉన్నాడని చెప్పింది పిసారోయే. వాన్ గో తన చివరి చిత్రాలు వేసింది అక్కడే. పిసారో చనిపోయిన మూడేళ్లకు, 1906లో, అప్పటికి పెద్ద పేరు సంపాదించిన 67 ఏళ్ల సెజాన్ ఒక ప్రదర్శన పట్టికలో తన పేరు పక్కన పిసారో శిష్యుడనని రాయించుకున్నాడు. గురువుకు ఇంతకన్నా దక్షిణ ఏముంటుంది?

నేర్పేవాడు నేర్చుకోవడం మానకూడదని కూడా ఆయన చూపించాడు. 1885లో 55 ఏళ్ల వయసులో, తన కొడుకు వయసుకు దగ్గరగా ఉన్న సెరా అనే కుర్రవాడు రంగులను చుక్కలు చుక్కలుగా పెట్టే కొత్త పద్ధతి చూపిస్తే, దాన్ని శ్రద్ధగా నేర్చుకున్నాడు. పాత స్నేహితులు విసుక్కున్నారు. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. కొన్నేళ్లు ఆ పద్ధతిలో గీసి, అది మరీ నెమ్మదైనదనీ, కదిలే వెలుగును పట్టుకోలేదనీ అనిపించాక వదిలేశాడు. చేసి చూసి వదిలేయడం వేరు, భయపడి దగ్గరకు పోకపోవడం వేరు.

ఆయన రాజకీయంగా కూడా స్పష్టమైన మనిషి. పెత్తనం లేని సమాజం రావాలని కోరుకున్నాడు. 1889లో పారిస్ నగరంలో ధనికుల దోపిడీని, కార్మికుల ఆకలిని చూపిస్తూ ఒక బొమ్మల పుస్తకం తయారుచేశాడు. అది అమ్మకానికి కాదు. తన బంధువుల ఇంట్లోని అమ్మాయిలు చదివి లోకం తెలుసుకోవాలని పంపాడు.

కంటి జబ్బు, కిటికీ

దాదాపు 1888 నుంచి ఆయన కుడి కంట్లో కన్నీటి నాళానికి ఇన్ఫెక్షన్ వచ్చింది. దుమ్ము పడినా, చలిగాలి తగిలినా కన్ను వాచి చీము పట్టేది. ఎన్నో చికిత్సలు జరిగాయి, పూర్తిగా నయం కాలేదు. బయట, ఎండలో గాలిలో నిలబడి గీయడమే తమ మార్గమని చాటిన చిత్రకారుడికి బయట నిలబడడమే కుదరకుండా పోయింది.

ఇంకొకరైతే కుంచె పక్కన పెట్టేవారేమో. పిసారో ఒక ఉపాయం ఆలోచించాడు. ఊళ్లో ఎత్తైన మేడ మీద గది అద్దెకు తీసుకుని, మూసిన కిటికీ అద్దంలోంచి కిందకు చూస్తూ గీయడం. ఒకే కిటికీ, ఒకే దృశ్యం. కానీ ఉదయం వేరు, సాయంత్రం వేరు. వాన వేరు, మంచు వేరు. కాన్వాసులు పక్కపక్కన పెట్టుకుని, వెలుగు మారగానే దానికి తగిన కాన్వాసు అందుకునేవాడు. 1897లో పారిస్‌లోని మోంమార్ట్ర్ వీధిని ఒకే హోటల్ కిటికీలోంచి 14 సార్లు గీశాడు. అందులో ఒకటి దీపాలు వెలిగిన రాత్రి దృశ్యం.

రువాన్ వంతెన

ఇప్పుడు మొదట చెప్పుకున్న బొమ్మ దగ్గరకు వద్దాం. రువాన్‌లో శతాబ్దాల నాటి పెద్ద చర్చి ఉంది. మోనే ఆ చర్చిని వేర్వేరు వేళల్లో గీసి, 1895లో పారిస్‌లో 20 చిత్రాలు ప్రదర్శనకు పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారు. పిసారో కూడా స్నేహితుడి పనిని మనసారా మెచ్చుకున్నాడు. మరుసటి సంవత్సరం తాను అదే ఊరికి వెళ్లాడు. 1896లోనే జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో ఇంకోసారి వెళ్లి నెలల తరబడి ఉన్నాడు. 1898లో మళ్లీ వెళ్లాడు. ఆయన చూపు మాత్రం ముఖ్యంగా రేవు మీద, వంతెనల మీద నిలిచింది.

బోయెల్‌ద్యూ వంతెన అప్పటికి కొత్తది. 1888లో తెరిచారు. ఆ ఊళ్లో పుట్టిన ఒక సంగీతకారుడి పేరు పెట్టారు. ఇవతలి ఒడ్డున పాత ఊరు, చర్చి, పెద్ద ఇళ్లు. అవతలి ఒడ్డున సాన్ సెవేర్ అనే కార్మికవాడ, రైల్వే స్టేషను, మిల్లులు, పొగగొట్టాలు. ఈ రెండు ఒడ్లనూ కలిపేది ఆ వంతెన. అవతలి ఒడ్డు అందవికారంగా ఉంటుందని అందరూ అనుకునేవాళ్లు. పిసారో తన పెద్ద కొడుకు లూసియెన్‌కు రాసిన ఉత్తరంలో ఆ స్టేషనును, ఆ పొగను, పొద్దున్నే పనికి పోయే జనాన్ని వర్ణిస్తూ ఇది వెనిస్ నగరమంత అందంగా ఉందని చెప్పుకున్నాడు.

బొమ్మను శ్రద్ధగా చూస్తే ఆ మాట ఊరికే అన్నది కాదని తెలుస్తుంది. బూడిద రంగు ఆకాశం దూరానికి బూడిదే. దగ్గరకు పోతే అందులో నీలం, గులాబీ, లేత పసుపు. మిల్లు పొగకూ మబ్బుకూ ఒకే మర్యాద. వంతెన మీద ఒక్కో మనిషి కుంచెతో పెట్టిన ఒకటి రెండు పోట్లు మాత్రమే. ముఖాలు తెలియవు. అయినా ఎవరు బరువు మోస్తున్నారో, ఎవరు తొందరగా నడుస్తున్నారో, ఎవరు ఆగి నీళ్లకేసి చూస్తున్నారో ఊహించుకోవచ్చు. పెద్ద బొమ్మల్లో ఒక మూలన కూడా చోటు దొరకని మనుషులకు ఆయన వంతెన పొడవునా చోటిచ్చాడు. సెయింట్ థామస్ రేవులో మూటలు మోసేవాళ్లను గీసిన గుమాస్తా కుర్రవాడే ఇక్కడ తెల్లగడ్డంతో కనిపిస్తాడు.

ఆ చిత్రాలను 1896లోనే పారిస్‌లో ద్యురాన్ రూయెల్ అనే వ్యాపారి తన గ్యాలరీలో ప్రదర్శించాడు. అదే వంతెన మీద వేసిన మరో చిత్రాన్ని అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరపు కార్నెగీ సంస్థ 1900లో కొనుక్కుంది.

చివరి పరీక్ష

1894లో ఫ్రాన్స్‌లో డ్రెఫస్ అనే సైనికాధికారిని దేశద్రోహి అని శిక్షించారు. ఆయన నేరం చేయలేదు. యూదుడు కావడమే ఆయన మీద అనుమానాన్ని పెంచింది. 1898 జనవరిలో రచయిత ఎమీల్ జోలా ఆయన తరఫున బహిరంగ లేఖ రాస్తే దేశం రెండుగా చీలింది. పారిస్ వీధుల్లో యూదులకు వ్యతిరేకంగా గుంపులు తిరిగాయి. పిసారో జోలాను సమర్థించాడు. దాంతో ఇరవై ఏళ్లకు పైగా స్నేహితుడైన దెగా ముఖం తిప్పుకున్నాడు. రెన్వార్ దూరమయ్యాడు. కలిసి సంఘం పెట్టుకున్నవాళ్లు, కలిసి ఎగతాళి భరించినవాళ్లు పుట్టుకను చూసి పక్కకు తప్పుకున్నారు. అంతకు కొద్దిముందే, 1897 నవంబరులో, 23 ఏళ్ల కొడుకు ఫెలిక్స్ చనిపోయాడు. ఈ దుఃఖంలో, ఈ గొడవల మధ్యనే ఆయన పారిస్‌లో ఇంకో హోటల్ కిటికీ దగ్గర కూర్చుని వీధిని గీస్తూ ఉన్నాడు. తనను కాదన్న దెగా బొమ్మలను మాత్రం చివరిదాకా మెచ్చుకుంటూనే ఉన్నాడు. డ్రెఫస్ నిర్దోషి అని కోర్టు 1906లో తేల్చింది. అది చూడడానికి పిసారో లేడు.

1900లో ఆయన పారిస్ నడిబొడ్డున సీన్ నది మధ్యలో ఉన్న దీవిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. కిటికీలోంచి పోంనఫ్ వంతెన కనిపిస్తుంది. ఆ పేరుకు కొత్త వంతెన అని అర్థం. కానీ పారిస్‌లో ఇప్పుడున్న వంతెనల్లో అన్నిటికన్నా పాతది అదే, 1607 నాటిది. ఎండలో, వానలో, మంచులో ఆ వంతెనను ఆయన ఎన్నోసార్లు గీశాడు. 1903లో తన బొమ్మ తానే వేసుకున్నాడు. టోపీ, కళ్లద్దాలు, తెల్లగడ్డం, వెనకాల ఆ కిటికీ, కిటికీలో నగరం. ఆ చిత్రం లండన్‌లోని టేట్ గ్యాలరీలో ఉంది. ఆ ఏడాదే నవంబరు 13న, 73వ ఏట కన్నుమూశాడు. పారిస్‌లోని పేర్ లాషేజ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

రువాన్‌లో ఆయన గీసిన ఇనుప వంతెన ఇప్పుడు లేదు. రెండవ ప్రపంచయుద్ధంలో 1940 జూన్‌లో జర్మన్ సేనలు వస్తుంటే ఫ్రెంచి సైన్యమే దాన్ని పేల్చేసింది. తర్వాత అదే పేరుతో వేరే వంతెన కట్టారు. పాత ఇనుప వంతెన, ఆ వాన, దాని మీద నడిచిన పేరు తెలియని కూలీలు ఆ కాన్వాసు మీద ఇప్పటికీ ఉన్నారు.

ముగింపు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పిసారోకు దొరికినవి పెద్ద అవకాశాలేమీ కావు. సంఘం వెలివేసిన ఇల్లు, తల్లిదండ్రులకు దూరంగా బోర్డింగు చదువు, సైనికులు తొక్కేసిన బొమ్మలు, అప్పులు, చివరికి ఒక కంటి జబ్బు. వీటిలో ఏదీ ఆయన పనిని ఆపలేకపోయింది. అంతకన్నా ముఖ్యంగా, తాను కాస్త నిలదొక్కుకోగానే వెనక వచ్చేవాళ్లకు దారి చూపించాడు. మన హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన పాత విద్యార్థులు ఈ మాట ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. సెజాన్‌కు పిసారో ఇచ్చింది డబ్బు కాదు, తన పక్కన నిలబడి గీసుకోవడానికి కాస్త చోటు.

ఇప్పుడు చదువుకుంటున్నవాళ్లకు ఇంకో మాట. గీయడానికైనా రాయడానికైనా గొప్ప విషయం ఎక్కడో ఉందని వెతకనక్కర్లేదు. పొద్దున్నే పనికి పోయే మన అమ్మానాన్నలు, వాళ్లు నడిచే దారి, వాళ్లు దాటే వంతెన చాలు. వాళ్లను ఒకసారి మర్యాదగా, ఓపికగా చూడండి. పిసారో జీవితమంతా చేసిన పని అదే.